గొడెలీవ్ జారవిడిచిన మైనస్

బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీలో ముప్పై రెండేళ్లు క్లిఫర్డ్ బీజగణితాలనే లెక్కలు చెప్పిన గొడెలీవ్ డోబ్రెక్ట్, మైనస్ గుర్తు మరిచిన పిల్లల పాలిట యముడే. "మైనస్ అక్కర్లేనివాళ్లు సైకిలెక్కి ఇంటికి పోవచ్చు" అనేది. అలాంటి మనిషే ఒక మైనస్‌ను జారవిడిచింది.

రెండు చిన్న బీజగణితాల మాత్రికల జట్లను కలిపి పెద్దవి చేసే పట్టిక ఒకటి ఆమె చేత్తో రాసి శిష్యురాలు అన్నెలోర్‌కిచ్చింది. ఈ జట్టులోదాన్నీ ఆ జట్టులోదాన్నీ వరస అటూ ఇటూ మార్చి గుణిస్తే జవాబుకు మైనస్ రావాలి. అందుకోసం రెండో జట్టు పక్కన ఒక ప్రత్యేక మాత్రిక పెట్టాలి. ఏ తొందరలో ఉందో, ఆమె అక్కడ దేన్నీ మార్చని వట్టి యూనిట్ మాత్రిక పెట్టేసింది. పట్టికను నమ్మి అన్నెలోర్ తన పరిశోధన గ్రంథంలో ఒక అధ్యాయమంతా కట్టింది.

తలుపులు మూసి జరిపే తొలి పరీక్షలో పొరుగూరి పరీక్షకుడు దాన్ని పట్టేశాడు.

"మైనస్ ఏదమ్మా? కాఫీలో కలుపుకుని తాగేశావా?"

అందరూ నవ్వారు. అన్నెలోర్ ఒక్కసారి గొడెలీవ్ వైపు చూసి, "నాదే పొరపాటు సార్, సరిచూసుకోవాల్సింది" అంది.

గొడెలీవ్ కూడా నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగదు. గుర్తులు చూసుకోని పిల్ల అన్న మాట పాకి, ఆంట్‌వెర్ప్ యూనివర్సిటీలో రావలసిన ఉద్యోగం అన్నెలోర్ చేజారింది. అప్పుడైనా ఈవిడ నోరు విప్పిందా? లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మూడు నెలలు గడిపేసింది.

బహిరంగ పరీక్ష నాడు హాలు నిండిపోయింది. బయట చీజ్ ముక్కలూ వైన్ గ్లాసులూ సిద్ధంగా ఉన్నాయి. తెరమీద సరిచేసిన పట్టిక, దానికింద "గొడెలీవ్ గారి పట్టిక, కృతజ్ఞతలతో" అని ఉంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ప్రశ్న అడిగే వంతు రాగానే లేచి, బోర్డు మీద తన పాత పట్టికలోని మాత్రికలు రెండు రాసి, అటూ ఇటూ గుణించింది. రెండుసార్లూ ఒకటే జవాబు, మైనస్ లేదు.

"ఈ తప్పు నాది. ఈ అమ్మాయిది కాదు. ఆ రోజు మీతో పాటు నవ్వాను కూడా."



"మేడమ్, ఇందులో ప్రశ్న ఏదండీ?" అన్నాడు పరీక్ష సంఘం అధ్యక్షుడు, నీళ్లు నములుతూ.

"ఉంది." గొడెలీవ్ అన్నెలోర్ వైపు తిరిగింది. "తప్పు నాదని నీకా రోజే తెలుసా?"

"తెలుసు మేడమ్" అంది అన్నెలోర్. "ఆంట్‌వెర్ప్ ఇంటర్వ్యూ రోజు దాకా, మీరు చెబుతారనే అనుకున్నాను."