తప్పుకున్నట్టే లెక్క

మొన్న మా మనవరాలు ఇద్దరు స్నేహితులతో కలిసి ఎల్ఎల్‌సీ కంపెనీ పెడుతూ, ఒప్పందం నమూనా నా ముందు పెట్టి, "తాతయ్యా, మెంబర్ ఎప్పుడు విత్‌డ్రా అయినట్టు అని ఇక్కడొక సెక్షన్ ఉంది, ఇది అవసరమా? మేం ఫ్రెండ్సే కదా" అంది. ఉంచుకోమని చెప్పాను గాని, ఆ పేజీ చదువుతున్నంతసేపూ మా అన్నయ్య భార్య, మా వదినే గుర్తుకొచ్చింది.

అప్పట్లో అమెరికాలో, అరోరా ఊళ్ళో నేను, మా ఆవిడ, వదిన, మా తోడల్లుడు నలుగురం సభ్యులుగా చిన్న పిండివంటల దుకాణం నడిపేవాళ్ళం. వంట వదినది, కాగితాలు నావి. నెలకొక సమావేశం ఉండేది. ముందుగా రాతపూర్వకంగా తెలపకుండా వరుసగా మూడింటికి రాని సభ్యుడు తప్పుకున్నట్టే లెక్క అన్న నియమం నేనే పెట్టాను. మన వయసువాళ్ళకి చెప్పనక్కర్లేదు, మనం ఫోన్‌లో రాలేనంటే చెప్పినట్టే అనుకుంటాం, సొంతమనిషికి ఉత్తరం రాస్తే తగువు పెట్టుకున్నట్టు ఉంటుంది. ప్రాజెక్టు మీద వేరే రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్ళిన తోడల్లుడూ అలాగే మూడు నెలలూ ఫోన్‌తో సరిపెట్టాడు. నేను పద్ధతి ప్రకారం అతను తప్పుకున్నట్టు రాసేశాను. ఆ తరవాత మా ఆవిడ తన చెల్లెలితో మాట్లాడాలంటే పక్కగదిలోకి వెళ్ళేది.

మరుసటి ఏడు వదిన కూతురి పురుడికి క్యారీ వెళ్ళింది, బిడ్డ నెల ముందే పుట్టడంతో అక్కడే ఉండిపోయింది. ప్రతినెలా ఫోన్ చేసింది, కాగితం మాత్రం పంపలేదు. మూడో సమావేశం అయ్యాక హాజరుపట్టీ చూస్తే ఆమె పేరెదుట మూడు గడులూ ఖాళీ. ఆమె చేతిమీద లేచిన దుకాణంలో ఆమెకే చోటు లేకపోతే ఎలా? ఆ మూడు గడుల్లోనూ 'హాజరు' అని రాసేసి, ఆమె తిరిగొచ్చాక, పెద్ద ఉపకారం చేసినవాడిలా చెప్పాను.

వదిన జంతికల గొట్టం పక్కన పెట్టి నవ్వింది. "ఏమయ్యా, నేను క్యారీలో పిల్లకి నీళ్ళు పోస్తూ ఇక్కడ మీటింగ్‌లో కూర్చున్నానా? దెయ్యాన్నా నేను?" అని, ఆ వెంటనే, "మీ తోడల్లుడు ఫోన్ చేశాడా లేదా, నీ డైరీ తెరిచి చెప్పు" అంది. తెరిచాను. మూడు నెలలూ నా దస్తూరిలోనే ఉంది, 'ఫోన్ చేశాడు, రాలేనన్నాడు' అని. "అప్పుడు నేనూ నోరెత్తలేదు. ఆయన తప్పుకుంటే నేనూ తప్పుకున్నట్టే. రాయి" అంది.

'హాజరు' కొట్టేసి అలాగే రాశాను. మర్నాడు ఆమె రోజూ వచ్చే వేళకే వచ్చి, బియ్యం కడిగి, మా ఆవిడతో "ఓనరమ్మగారూ, ఇవాళ ఏం చెయ్యమంటారు?" అంది. నవ్వబోయిన మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తిరిగి చేర్చుకుంటామని ఎంత బతిమాలినా, ముందు ఆయన్ని పిలవండి అన్నదే జవాబు. పదకొండు రోజులు అలా జీతగత్తెలాగే పనిచేసింది. పన్నెండో రోజు నేనూ మా ఆవిడా కారు తీసి బెంటన్‌విల్ బయల్దేరాం. తలుపు తీసిన తోడల్లుడు నన్ను ఎగాదిగా చూసి, "ఏమన్నగారూ, రైటింగ్‌లో ఇన్ఫార్మ్ చెయ్యకుండానే వచ్చేశారే!" అన్నాడు. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. ఆ ఆదివారం అతను అరోరా వచ్చాక ఇద్దరినీ ఒకే కాగితం మీద తిరిగి చేర్చుకున్నాం. అతను సంతకం పెట్టాకే వదిన కలం అందుకుంది.

దుకాణం మూతపడి చాలాకాలమైంది, వదినా ఇప్పుడు లేదు. ఈ రోజుల్లో సమావేశాలు కంప్యూటర్ తెరమీదే జరుగుతున్నాయి, హాజరు దానంతటదే పడుతుంది, నాలాంటివాడు దిద్దడానికి వీల్లేదు, అదీ మంచిదే. కాకపోతే తెరమీద ఒకరి ముఖమున్న గడి పోగానే మిగిలినవి జరిగి కాస్త పెద్దవవుతాయి, ఒకరు తగ్గారని కంటికి ఆనదు. అలా సర్దుకుపోయిన మా మధ్య, తన చోటు కూడా ఖాళీ చేసి, పోయిన మనిషి చోటు చూపించిన వదినలాంటివారిని నేను మళ్ళీ చూడలేదు.