పదో అధ్యాయం చదివిన గొంతు

చూపులేనివాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే గ్రంథాలయంలో సర్వర్లు చూసుకునే ఆవిడని అందరూ తీగలక్క అనేవాళ్ళు. నెమ్మదైన మనిషి. ఏది చెడిపోయినా చేతులు కట్టుకుని కాసేపు దాన్నే చూసి, అప్పుడు ముట్టుకునేది.

ఆ రోజు పొద్దున పదింటికల్లా ఫోన్లు మొదలయ్యాయి. ఏది నొక్కినా పుస్తకం దొరకలేదంటోందట. వినేవాళ్ళు అడిగింది ముందుండే సర్వర్ అందుకుని, వెనకున్న ప్రోగ్రాంకి పంపి, జవాబు తెచ్చిస్తుంది. చూస్తే వెనక ప్రోగ్రాం ఆగిపోయి ఉంది. అక్కడే తీగలక్క చెయ్యి ఆగింది. వెనక ఎవరూ పలక్కపోతే రావాల్సిన తప్పు సందేశం వేరు. దొరకలేదని చెప్పాలంటే, వెతికి చూసినవాళ్ళు ఒకరుండాలి.

ఇంతలో దర్జీ తాత ఫోన్ చేశాడు. చూపు పోయాక రోజంతా వినడమే ఆయనకి కాలక్షేపం. ఏడాదిగా తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిన తన పుస్తకం ఇవాళ ముందుకు కదిలిందని సంతోషంగా చెప్పాడు.

 అది చదువుతున్న టీచరమ్మ తొమ్మిది అధ్యాయాలయ్యాక చనిపోయింది.

"వేరే ఎవరైనా చదివారేమో, తాతగారూ."

"టీచరమ్మ గొంతేనమ్మా. ఆ గొంతు నేను పొరబడతానా?"

తీగలక్క సెట్టింగుల ఫైలు తెరిచింది. అసలు చిరునామా కింద మరొకటి, మొదటిది పలక్కపోతే అడగమని. ఎప్పుడో తనే రాసి మరిచిపోయింది. అది రికార్డింగు గదిలోని పాత కంప్యూటర్‌ది. టీచరమ్మ పోయాక ఆ గది తలుపు తీసినవాళ్ళు లేరు.

తాళం తీసింది. లోపల దుమ్ము, మసక వెలుతురు, సన్నగా తిరుగుతున్న ఫ్యాను చప్పుడు. కంప్యూటర్‌లో ఆ ఒక్క పుస్తకమే ఉంది, పదిహేను అధ్యాయాలతో. టీచరమ్మ చదివి దాచిపెట్టింది, ఎవరూ పెద్ద సర్వర్‌కి ఎక్కించలేదు. మిగతావి ఇక్కడ లేవు కాబట్టి దొరకలేదంది, అంతే సంగతి.  తీగలక్క పదో అధ్యాయం పెట్టి, దుమ్ముకి దగ్గొస్తే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నాలుగు పేజీలయ్యాక గొంతు ఆగింది.

"వచ్చావా? గుమ్మంలోనే నిలబడ్డావేం తల్లీ. రా, కూర్చో."

కుర్చీ జరిగిన చప్పుడు. మళ్ళీ చదువు సాగింది.

 తీగలక్క చాలాసేపటికి లోపలికెళ్ళి, కుర్చీలో కూర్చుని, ఆ అధ్యాయం చివరిదాకా విన్నది. ఆమెని ఎదురుగా పెట్టుకుని టీచరమ్మ ఏనాడూ చదవలేదు. గదిలో ఇంకో మనిషి ఉంటే నోరు పెగలదనేది.

మధ్యాహ్నానికి ఆ ఆరు అధ్యాయాలూ పెద్ద సర్వర్‌లోకి ఎక్కించి, ఆగిన ప్రోగ్రాంని లేపింది. పుస్తకాలన్నీ పలికాయి. దర్జీ తాతకి ఫోన్ చేసి, ఇక ఇబ్బంది ఉండదని చెప్పింది.

"పొద్దున ఫోన్ చేసినప్పుడే అడుగుదామని మరిచానమ్మా. టీచరమ్మ చదువుతుంటే నువ్వెప్పుడు వెళ్ళి కూర్చున్నావు?" అన్నాడు తాత. "కుర్చీ లాక్కునే ముందు దగ్గావు కదా. నీ దగ్గు నాకు తెలీదా?"

తీగలక్క ఏదో పని ఉందని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ పుస్తకం వినేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆమె మాత్రం పదో అధ్యాయం మళ్ళీ పెట్టలేదు.