డ్రమ్ము ఆగని ముప్పై రెండు అడుగులు

మా చిన్నప్పుడు పెళ్లిళ్ల రోజుల్లో మా ఇంట్లో ఎసరు కాగే ముందు డ్రమ్ము కాగేది...

వాకాడు పక్కన మా వూరు. సముద్రపు గాలికి డ్రమ్ము తోలు చెమ్మ పట్టి వదులైపోయేది. నాయన వాకిట్లో ఎండుగడ్డి మంట వేసి, ఆ సెగకు తోలు చూపించి, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి ఆ పద్ధతి మారింది. గడ్డం డ్రమ్ము అంచుకు ఆనించి, వేలితో కొట్టి, నా మొహంలోకి చూసేవాడు.

"బిగిసిందా అమ్మే?"

నేను తలూపేదాన్ని.

అవి అరవైలు. నాయన పేరు మస్తాన్. మేము దూదేకుల వాళ్లం. మా తాత ఇంటింటికీ తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. నాయన ఆ ఏకే విల్లు అటక మీద పడేసి బ్యాండు మేళంలో చేరాడు. మేళం మాస్టరు తెల్లవాళ్ల పటాలంలో క్లారినెట్టు నేర్చుకున్న మనిషి. డ్రమ్ము మాస్టరుదే, మద్రాసులో పాత సామాన్ల అంగట్లో కొన్నాడు. ఇత్తడి అంచు మీద ఇంగ్లీషులో లండన్ అని ఉండేది. నాయన ఇంగ్లీషులో చదవగలిగిన మాట అదొక్కటే.

ఇరవై ఏళ్లు ఆ డ్రమ్ము పక్కనే ఉన్న చెవులు... నెల్లూరు డాక్టరు నరాలు దెబ్బతిన్నాయన్నాడు. మందు లేదన్నాడు. ఆ మాట మా ముగ్గురికే తెలుసు. "ఎవురికీ చెప్పబాకమ్మే. తెలిస్తే మేళంలో పెట్టుకోరు" అంది అమ్మ.

వూళ్లో ఎవరికీ అనుమానం రాలేదు. "మస్తానూ, బువ్వ తిన్నావా?" అని అడిగితే "బిగిసింది బిగిసింది, గంటలా మోగతాది" అనేవాడు. జనం పగలబడి నవ్వేవాళ్లు. "ఈడి ఎకసెక్కాలకి అంతు లేదురా" అనేవాళ్లు. నాయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

మేళంలో ఎప్పుడూ మాస్టరు వెనకే నడిచేవాడు. మాస్టరు మోచేయి, మడమ చూసి దరువు మార్చేవాడు. ఆపమని మాస్టరు ఈల వేస్తే, పక్కవాళ్ల చేతులు చూసి ఆపేవాడు. రెండేళ్లు అట్లా నెట్టుకొచ్చాడు.

ఆ పెళ్లి మా వూళ్లోనే. సాయంత్రం నాలుగింటికి మగపెళ్లివారికి ఎదురుకోలు. పెళ్లికూతురి మేనమామ వచ్చి నాయన భుజం పట్టి ముందుకు లాగాడు.

"మస్తానన్నా డ్రమ్ము వెనకెందుకయ్యా? ముందు నడవాల. వచ్చినోళ్లకి మనూరి దెబ్బ తెలియాల!"

వద్దంటే ఎందుకని అడుగుతారు. నాయన వెనక్కి తిరిగి మాస్టరు వైపు ఒకసారి చూసి, ముందుకెళ్లాడు.

నేను ఆడవాళ్లతో పాటు వెనక బండి పక్కన ఉన్నాను.

వీధి మలుపు తిరిగాక ఏడుపు వినిపించింది... ఎడమ చేతి వైపు మూడో ఇల్లు. అక్కడ ఒక పెద్దాయన నెల రోజులుగా మంచాన ఉన్నాడు. ఆయన ప్రాణం పోయింది అప్పుడే. చావు ఇంటి ముందు మేళం వాయించకూడదు. ఎవరూ చెప్పాల్సిన పని లేదు, ఏడుపు వింటే చాలు, ఆగాలి. మాస్టరు ఈల వేశాడు. క్లారినెట్టు ఆగింది. బూరలు ఆగాయి. జనం ఆగారు.

డ్రమ్ము ఆగలేదు.

నాయన ఒక్కడే వాయించుకుంటూ ఆ ఇంటి వైపు నడిచాడు. "ఆపవయ్యా!" అని అరిచారు. నేనూ "నాయనా!" అని అరిచాను. వూరంతటికీ వినిపించింది, ఆయనకు తప్ప.

పరుగెత్తి వెళ్లి చొక్కా పట్టుకోగలిగేదాన్నే. పట్టుకుంటే ఎందుకు పట్టుకోవాల్సి వచ్చిందో అందరికీ తెలిసిపోతుంది. నేను కదల్లేదు...

ఎంత దూరం నడిచాడని తర్వాత అడిగితే ఇరవై అడుగులని కొందరు, యాభై అని కొందరు చెప్పారు. ఒకరోజు నేనే నడిచి లెక్కపెట్టాను. పెద్దవాళ్ల అడుగులైతే ముప్పై రెండు.

చనిపోయినాయన తమ్ముడు బయటికొచ్చి డ్రమ్ము మీద అరచేయి పెట్టాడు. నాయన తలెత్తాడు. తలుపులోంచి ఆడవాళ్లు కనిపించారు. వెనక్కి తిరిగి చూశాడు. అంత దూరంలో మేళం నిలబడి ఉంది. నా కోసం వెతికాడు. నేను తల దించుకున్నాను.

మేనమామ బొటనవేలు నోటి దగ్గర పెట్టి "తాగినావా ఏంది?" అన్నాడు.

జన్మలో కల్లు ముట్టని మనిషి. ఆ వేలు చూసి అవునన్నట్టు తలూపాడు. తాగాడంటే తిట్టి వదిలేస్తారని ఆయన లెక్క.

నాయన కల్లు ముట్టడని మాస్టరుకు తెలుసు. మర్నాడు పొద్దున మా ఇంటికొచ్చాడు. నాయన వాకిట్లో అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. మాస్టరు వెనక నిలబడి "మస్తానన్నా" అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. మూడోసారి గట్టిగా పిలిచాడు.

నాయన తిరగలేదు. నేనూ అమ్మా గడపలో నిలబడి చూస్తున్నాం.

"వదినా, డ్రమ్ము తీసకపోతుండా" అన్నాడు మాస్టరు. మేకుకు వేలాడుతున్న దాన్ని తీసుకుని, నాయన ముందు నుంచి కాకుండా పెరటి దారిన వెళ్లిపోయాడు. నాయన లోపలికొచ్చి మేకు వైపు చూశాడు.

వారం తర్వాత అటక మీది విల్లు దించాడు. దూది ఏకుతుంటే నారి మోత మాకు వినిపించేది. దరువు మాత్రం ఎదురుకోలుదే...

మొన్న ఆ వీధిలోనే ఒక పెళ్లికి వెళ్లాను. లారీ మీద డీజే పెట్టెలు. ఒక ఇంటి ముందు శవానికి వేసిన షామియానా ఇంకా తీయలేదు. లారీ ఆగలేదు, పాటా ఆగలేదు. ఆపమని అరిచినవాళ్లూ లేరు. నడుపుతున్న కుర్రాడి చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

మీ వూళ్లో మేళం ఏ ఇంటి ముందు ఆగేది? ఆపమని చెప్పేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా?