ఎనిమిదో దీపం

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వింటే మీకు నవ్వు రావచ్చు. నేను ఎవరి పొలమూ కాజేయలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఎప్పుడో టీవీలో వచ్చిన ఒక అంతరిక్ష సీరియల్లో, గోడకున్న యంత్రం మీద ఎన్ని దీపాలు వెలిగాయో చెప్పాల్సిన చోట అబద్ధం చెప్పాను. అంతే. నవ్వాలనిపిస్తే నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇంతవరకూ ఇది మా ఇంటావిడకు కూడా చెప్పలేదు.

నా పేరు చెప్పను. ఒకప్పుడు భద్రాచలంలో వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చే దుకాణం నడిపాను. ఇప్పుడు సారపాకలో ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాని. దుకాణం రోజుల్లో ఆదివారం పొద్దున ‘తారావాహిని’ వచ్చేది. తెలుగులోకి డబ్ చేసిన సీరియల్. ఒక నౌక, అందులో ఎనిమిది మంది, దారి తప్పి నక్షత్రాల మధ్య తిరుగుతుంటారు. వారం వారం రికార్డు చేసి దాచుకున్నాను. గోదావరి వరద దుకాణంలోకి వచ్చిన ఏడాది, పై అరలో ఉన్న ఒక్క క్యాసెట్ తప్ప అన్నీ బురదపాలయ్యాయి. ఆ మిగిలినదాంట్లో ఉన్నది ముప్పై ఒకటో ఎపిసోడ్.

చేతికి ఫోన్లొచ్చాక పాత ప్రేక్షకులమంతా వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఖమ్మం, మధిర, దమ్మపేట, ఇటు భద్రాచలం వాళ్లం. ఒక్కొక్కరికి నౌకలో ఒక్కో హోదా. నేను చీఫ్ ఇంజనీర్‌ని. నౌక తలుపు ఏ ఎపిసోడ్‌లో ఎడమకు తెరుచుకుంది, రెండో ఇంజను చెడిపోయినప్పుడు నీళ్లు ఎట్లా కాగాయి, వీటి మీద రోజుల తరబడి కొట్టుకునేవాళ్లం. ఓడినవాళ్లు ‘తప్పు నాది’ అని రాసి నెల రోజులు హోదా వదులుకోవాలి. సరదాకి పెట్టుకున్న రూలే. పెట్టింది నేనే.

నాగమణి ఆ గ్రూపులోకి ఆలస్యంగా వచ్చింది. అది ఆమె అసలు పేరు కాదు. అడవిలో ఒక పల్లెకు ఏఎన్ఎం నర్సు, కోయవాళ్ల అమ్మాయి. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఈ సీరియల్ చూసిందట. జ్వరమొచ్చి పడుకున్న పిల్లలు ఆ వారం కథ చెప్పమని ఏడిస్తే, వాళ్లకు చెప్పడానికి ప్రతి ఎపిసోడ్‌నూ నోటుపుస్తకంలో రాసుకునేది. అట్లా నాలుగు పుస్తకాలయ్యాయి. ఎవరేం మాట్లాడారు, గోడ మీద ఏ మీట ఏ రంగుది, అన్నీ ఉన్నాయి వాటిలో.

తెలుగు ‘తారావాహిని’ ఇంకెక్కడా దొరకదు. అందుకే ఎపిసోడ్లన్నీ రాసి ఒక పుస్తకంగా వేద్దామని గ్రూపులో అనుకున్నాం. దానికి దేన్ని ఆధారం చేసుకోవాలి? అంతవరకూ నా జ్ఞాపకమే ఆధారం. ఇప్పుడు సగం మంది ఆమె నోటుపుస్తకాలే అన్నారు. నాకు ఒళ్లు మండింది. దుకాణం రోజుల నుంచీ నేనే పెద్దమనిషిని, నిన్న కాక మొన్న వచ్చిన అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుంటుందా? ఛీ, ఇప్పుడు రాస్తుంటేనే సిగ్గేస్తోంది. అప్పుడు వేయలేదు.

గొడవంతా ముప్పై ఒకటో ఎపిసోడ్ మీదికి వచ్చింది. అందులో గాలి యంత్రం పాడవుతుంది. ఏడుగురికే గాలి సరిపోతుందని కెప్టెన్ చెబుతాడు. వంటమనిషిని ఒక రాతి గ్రహం మీద దింపేసి కన్నీళ్లతో వెళ్లిపోతాడు. ఆ యంత్రం మీద వెలిగే ఒక్కో దీపం ఒక్కో మనిషికి సరిపడే గాలి. ఏడు దీపాలని అందరం ఒప్పుకున్నదే. ఆ లెక్క మీదే నేను నౌక యంత్రాల గురించి పేజీలకు పేజీలు రాశాను. నాగమణి మాత్రం ఎనిమిది అంది. కెప్టెన్ వంగినప్పుడు అతని భుజం వెనక ఇంకో దీపం ఉందట. అంటే కెప్టెన్ అబద్ధమాడాడు, వంటమనిషిని ఊరికే వదిలేశాడు. గ్రూపు భగ్గుమంది. “అడవిల బొమ్మే సక్కగ రాదు, ఎనిమిదో దీపం ఎట్ల కనిపిచ్చిందమ్మా?” అని ఒకడు రాశాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ ఒకడు నేనే.

ఆమె కోపం తెచ్చుకోలేదు. హాస్టల్లో చిన్నపిల్లలను టీవీ కిందనే కూర్చోబెట్టేవారని, మెడలు నొప్పి పుట్టేవని, అంత దగ్గర్నుంచి తను వేళ్లు మడిచి లెక్కపెట్టానని రాసింది. చివరికి అందరూ నన్నే క్యాసెట్ వేసి చూసి చెప్పమన్నారు. ఏడైతే నా జ్ఞాపకం, ఎనిమిదైతే ఆమె పుస్తకాలు. తీర్పు నా చేతికే ఇచ్చారు. నమ్మారు మరి.

ఆదివారం మధ్యాహ్నం పాత ప్లేయర్‌ను తుడిచి క్యాసెట్ వేశాను. బొమ్మ వణికింది, గీతలు పడ్డాయి, తర్వాత నిలకడయింది. కెప్టెన్ వంగాడు. భుజం వెనక, అంచున, పచ్చగా ఒకటి. వెనక్కి తిప్పాను. మళ్లీ చూశాను. మూడోసారి టీవీ దగ్గరకు జరిగి, ఆమె కూర్చున్నట్టే కింద కూర్చుని, వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది.

అక్కడితో అయిపోవాల్సింది. ‘తప్పు నాది’ అని రాస్తే పోయేదేముంది? నెల రోజుల హోదా. నేను గ్రూపులో రాసింది మాత్రం: ‘చూశాను. ఏడే.’

కాసేపటికి ఫోన్ మోగింది. ఆమె ఊళ్లో నీళ్ల ట్యాంకు దగ్గరకెళితే తప్ప సిగ్నల్ దొరకదు. అంత దూరం నడిచొచ్చి చేసింది.

“అన్నా, మంచిగ సూసినవా?”

“సూసిన, నాగమణీ.”

“ఆయన వంగినప్పుడు ఆపి సూసినవా?”

“ఆపే సూసిన. ఏడే ఉన్నయి.”

అటువైపు ఎక్కడో మేక అరుస్తోంది.

“అవ్ అన్నా. నువ్వు సూసినవంటే గంతే ఉంటది. సిన్నపిల్లను గద, తప్పు రాసుకున్ననేమో. ఏమనుకోకు.”

నన్నే ఏమనుకోవద్దంది. నోరు తెరవడానికి అప్పటికీ అవకాశముంది. “సరే, పైలం” అని పెట్టేశాను. ‘తప్పు నాది’ అని గ్రూపులో రాసింది ఆమె. నెల గడిచినా మళ్లీ మాట్లాడలేదు.

ఆ ఎపిసోడ్‌ను ఫోన్లలోకి ఎక్కించమని మిగతావాళ్లు వెంటపడ్డారు. క్యాసెట్ ప్లేయర్‌లో ఇరుక్కుని తెగిపోయిందని రెండో అబద్ధం చెప్పాను. దమ్మపేట దగ్గర మా తమ్ముడి మొక్కజొన్న చేనుకు చిలకల బెడద. చేలో క్యాసెట్ రీలు కడితే అది గాలికి మెరిసి, గూయ్‌మని మోగి పిట్టలను రానివ్వదు. నా క్యాసెట్ రీలంతా లాగి వాడికిచ్చాను. గట్టు మీద నిలబడి చూశాను. కర్ర నుంచి కర్రకు, ఎండలో తళతళా మెరుస్తోంది. ఆమె మాటకున్న ఒకే ఒక్క రుజువు పంట చేతికొచ్చేదాకా అట్లా వేలాడింది. తర్వాత వాన, ఎండ. ఏమైందో తెలియదు.

పుస్తకం తయారైంది. ముప్పై ఒకటో ఎపిసోడ్ కింద ‘ఏడు దీపాలు’ అనుంది. పోయిన ఎండాకాలం ఒక ప్రతి పట్టుకుని ఆమె ఊరెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను, నిజం. కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. ‘అన్నొచ్చిండు’ అని వాళ్లమ్మను పిలిచి చూపించింది. నోటుపుస్తకాలు ఉన్నాయా అని అడిగితే రేకు పెట్టెలోంచి తెచ్చింది. ఎనిమిది కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో ఏడని దిద్దింది. అది నేననుకున్నదే. కానీ పేజీ తిప్పితే, ఇంకో పేజీ తిప్పితే, ప్రతి వాక్యం పక్కనా ఒక ప్రశ్నార్థకం. మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి. నౌక పేరు పక్కన కూడా.

“ఒకటి తప్పయినంక మిగతయి నిజమని ఎట్ల అనుకోవాలె అన్నా?” అంది నవ్వుతూ. “ఇప్పుడు పిల్లల బరువు సూసినా మూడుసార్లు సూస్తున్న. రాసి ఇంటికిపోతున్ననా, దారిల మళ్ల అనుమానం. ఎనక్కొస్త.”

చాయ్ తాగాను. బస్సు టైమైందని లేచాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

ఎందుకు చెప్పలేకపోయాను? పిరికితనమని సులువుగా అనేయొచ్చు. అదీ ఉంది. కానీ అసలు భయం ఇంకొకటి, ఆ బస్టాపులో కూర్చున్నప్పుడు తెలిసింది. ఇప్పుడు నేను ఎనిమిది అంటే రుజువేది? నా మాటే. ఏడని చెప్పిందీ ఆ నోరే. జాలిపడి అంటున్నానని అనుకుంటుందేమో, ముసలితనానికి బుద్ధి చెదిరిందనుకుంటుందేమో. ఆ ఎర్ర సిరా పక్కన ఇంకో ప్రశ్నార్థకం పెడుతుంది. ఆమె కళ్లను ఆమెకు తిరిగిచ్చే దారి నా చేతులతో నేనే మొక్కజొన్న చేలో కట్టేశాను. ఇంకెవరి దగ్గరా ఆ బొమ్మ లేదు. ఎంతమందిని అడిగానో! ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

మీకు చెప్పాక గుండె కొంచెం తేలికైంది. అబద్ధమెందుకు, అయింది. ఆ కొంచెం కూడా నాకు దక్కకూడదేమో. ఆమెకైతే ఏమీ దక్కలేదు. ఇవాళ కూడా ఏ తూకం దగ్గరో నిలబడి మూడోసారి చూస్తూ ఉంటుంది.

ఈ కాగితం ఆమె దాకా పోతుందని ఆశ లేదు. అయినా, గ్రూపులో ఆ రోజు రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిది దీపాలు వెలిగాయి. నేను చూశాను. తప్పు నాది.