మా మేనత్త చిలకముక్కు పుంజు

"అమ్మ పోయింది. జల్దీ రా" అని బావ ఫోన్ చేశాడు. కొత్తగూడెం దవాఖానాలో మా మేనత్త పోయిన కబురు నాకు అలా తెలిసింది. ఇంకా నెల తిరగలేదు. పోయినవాళ్ల గురించి నలుగురూ నాలుగు మంచి మాటలు రాస్తారు, నేనూ అదే రాద్దామని కూర్చున్నాను. కానీ లోపలంతా చేదుగా ఉంది. దాన్ని దాచిపెట్టి రాయడం నా వల్ల కాదు. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే.

మా మేనత్త జూలూరుపాడులో కోళ్లు పెంచింది. కూరకు కాదు, గుడ్లకు కాదు, పందేనికి అసలే కాదు. అందాల పోటీలకు. చిలకముక్కు పుంజులని ఒక జాతి ఉంది. ముక్కు పొట్టిగా, చిలక ముక్కులా కిందికి వంగి ఉంటుంది. తోక నేలమీద జీరాడుతుంది. పోటీలో ముందు ముక్కు చూస్తారు, తర్వాత తోక, ఆ తర్వాత కాళ్లు. తోక ఒక్కసారి రెట్టలో పడి తడిసి ఈకలు విరిగితే ఆ ఏడాదికి ఆ పుంజు పనికిరానట్టే. అందుకే అత్తకు పొద్దు గూట్లోనే మొదలయ్యేది. టీ కూడా తాగకుండా ఊడ్చేది. పాత ఇసుక తీసి ఎండబెట్టి, జల్లెడ పట్టి, మళ్లీ పోసేది. గోడలకు సున్నం, మూలల్లో వేపాకు పొగ. పొర్లాడటానికి ఒక పక్క బూడిద కలిపిన మట్టి. తోక నేలకు తగలకుండా పుంజు ఎక్కి కూర్చునే అడ్డకర్రను ఎత్తుగా కట్టించింది.

"ఇంట్ల గింత శుభ్రం లేదు గదా అత్తా" అని నేను ఆటపట్టిస్తే నవ్వేది కాదు. "మన ఇల్లు మురికైతే మనం ఊడ్సుకుంటం, లేకుంటే ఎవల్నన్న తిడతం. దాన్ని గూట్ల పెట్టి గొళ్లెమేసింది నేను. అదేం జేస్తది?" అనేది.

మామ బతికున్నన్నాళ్లూ పెంచినవి పందెం పుంజులు. కాలికి కత్తి కట్టి వదిలేవాడు. బతికి వచ్చినవాటి గాయాలు కడిగే పని అత్తదే. పసుపు పెట్టేది, కుట్లు వేసేది. మామ పోయాక కత్తులన్నీ మూటగట్టి పాడుబడ్డ బావిలో పడేసి, ఆ గూట్లోనే చిలకముక్కులు పెట్టింది. "ఇన్నేండ్లు రత్తం కడిగిన. ఇగ మట్టి కడుగుత" అంది. అంతకుమించి ఆ సంగతి ఎన్నడూ మాట్లాడలేదు. ఊళ్లోవాళ్లు మాత్రం ఆడమనిషికి పుంజులేందని నవ్వారు. కొన్నాళ్లకు నవ్వడం మానేసి అడగడం మొదలుపెట్టారు, ఒక పుంజును పందేనికి ఇవ్వమని. కారేపల్లి నుంచి ఒకాయన కారేసుకుని వచ్చాడు. అత్త అతన్ని గేటు దగ్గరే నిలబెట్టి, "గిట్ల అద్దం లెక్క కడిగింది నీ కత్తికిచ్చేటందుకా?" అని గేటు వేసేసింది. బేరం చెడగొట్టిందని బావ నెల్లాళ్లు అత్తతో మాట్లాడలేదు.

పోటీకి ముందు పుంజుకు ఆమె పోసే స్నానం చూడాలి. సబ్బు ముట్టనిచ్చేది కాదు. గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం కలిపి, ఈకలు వాలిన వైపే చేత్తో నిమురుతూ పోసేది. ఎదురు నిమిరితే ఈక నలుగుతుందట. కాళ్ల పొలుసుల్లో మట్టిని పాత బ్రష్‌తో తోమేది. తన నూలు చీర ముక్కలో చుట్టి, లేత ఎండలో ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చివరికి వేలి కొసన కొబ్బరినూనె తీసి కాళ్లకు, నెత్తిమీది ఎర్ర జుట్టుకు రాసేది. పుంజు కళ్లు మూసుకునేది. చిన్నప్పుడు నాకు తలంటిన చేతులు కూడా అవే. నా మీద అంత ఓపిక చూపలేదు లెండి.

ఒకసారి మధిరలో పోటీ ఉందంటే అత్తతో, బావతో నేనూ వెళ్లాను. ఖమ్మంలో ప్యాసింజర్ ఎక్కాం. టీసీ బుట్టలోకి తొంగిచూసి "దీనికి టికెట్ ఉందా అమ్మా?" అన్నాడు. "పొద్దుగాల్నే తానం జేసొచ్చింది సారూ. నీ పక్కన కూసోనిస్తనంటే కొంట" అంది అత్త. పెట్టెంతా నవ్వింది.

ఆ రోజు మొదటి బహుమతి అత్త పుంజుకే వచ్చింది. పెద్దమనుషులు మైకులో పిలిచింది మాత్రం బావ పేరు. బావ పరుగెత్తుకెళ్లి పుంజును ఎత్తుకున్నాడు, షీల్డు అందుకున్నాడు, ఫొటో దిగాడు. ఫొటోలో ఒక పక్కగా చీర ముక్క పట్టుకుని ఉన్నది అత్త. తిరిగొచ్చేటప్పుడు "నీకు కోపం రాలేదా అత్తా?" అని అడిగాను. "తోక నలగకుంట ఎత్తిండా లేదా, గదే చూసిన బిడ్డా" అంది. నాకు మాత్రం ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పోయినేడు అత్తకు ఒంట్లో బాగాలేనప్పుడు పెట్టల్ని ఇచ్చేసింది. జూలూరుపాడు అంగడికి ఆకుకూరలు తెచ్చే గూడెం ఆమె ఒకామె ఉంది, ఆమెకిచ్చింది. ఇచ్చేముందు ఆటో కట్టించుకుని అడవి దారిన గూడెం దాకా పోయి, ఆమె కోళ్లగూట్లో చెయ్యి పెట్టి నేల తడిమి మరీ చూసి వచ్చింది. చివరికి ఒక్క పుంజు మిగిలింది. దవాఖానాలో నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "నేను పోతే దాన్ని గూడెమామెకు ఇయ్యుండ్రి. పందేనికి అమ్మొద్దు, కొయ్యొద్దు." మంచం అటుపక్క బావ నిలబడి ఉన్నాడు. "అట్లనే అమ్మా" అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే వాళ్లు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, దాన్ని తీరుస్తామని ఎవరో ఒకరు పైకి మాటిస్తారు. కాకులు చింతచెట్టు మీద ఉన్నాయి కానీ ఒక్కటీ దిగలేదు. మనవరాలి పెండ్లి మంచిగ చేస్తమన్నారు, ఇంటికి రంగేస్తమన్నారు. ఎండ ముదిరింది. అత్త మనసు ఎక్కడుందో నాకు తెలుసు. బావ దగ్గరికి వెళ్లి, "పుంజును గూడెమామెకు ఇస్తమని చెప్పు బావా. పిట్ట అదే వస్తది" అన్నాను.

బావ తల ఎత్తలేదు.

"ఇంకేడిది పిల్లా? విస్తట్ల పెట్టిన కూర అదే" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. కులపెద్ద అందుకున్నాడు. "ఆమె పాణమంత ఆ పుంజు మీదనే ఉండె. అది ఈడ బతికుంటె ఆమె అక్కడికి ఎట్ల పోతది? ఆమెది ఆమెకే పంపినం. నేనే కొయ్యమన్న" అన్నాడు. అతని గొంతులో ఎక్కడా తప్పు చేసిన జాడ లేదు. మంచి పనే చేశాననుకుంటున్నాడు. ఆ గూట్లో పుట్టినదాన్ని దేన్నీ అత్త కోయనివ్వలేదని, చుట్టాలొస్తే దుకాణంలో కోడి తెప్పించి వండిపెట్టి తాను పచ్చడితో తినేదని అక్కడ అందరికీ తెలుసు. నేను అరిచాను. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. "ముట్టకున్నా పిట్ట సూసింది, సాలు తియ్యి" అని కులపెద్ద అందరినీ ఇంటికి మళ్లించాడు.

మిగిలిన కూరను వచ్చినవాళ్లకు వాకిట్లో వడ్డిస్తున్నారు. నేను లోపలికి పోలేక గేటు దగ్గరే నిలబడ్డాను. అప్పుడు వచ్చింది గూడెం ఆమె. ఎండన పడి నడిచి వచ్చినట్టుంది, కాళ్లనిండా ఎర్రదుమ్ము. చంకలో బుట్ట.

"అక్క చెప్పినట్టే అడ్డకర్ర ఎత్తుల కట్టిన. ఇసుక జల్లెడ పట్టి పోసిన" అంది. "పుంజేది?"

లోపల బావ ఎవరికో మారు వడ్డించమంటున్నాడు. నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆమె బుట్టను నేలమీద దించి, లోపల పరిచిన ఉతికిన గుడ్డను చేత్తో సాపు చేసింది. మూత తీసి పక్కన పెట్టి, నేను పుంజును తెస్తానని చూస్తూ నిలబడింది.