గంప నేర్పిన నడక

నా చిన్నప్పుడు రేపల్లె గోడల మీది సినిమా పోస్టర్లలో హీరోయిన్లు ఏడాదికేడాది సన్నబడిపోయేవారు. మా అమ్మ రోజుల్లో నిండుగా, తీరిగ్గా నవ్విన ఆడవాళ్లు పోయి, గాలొస్తే ఎగిరిపోయేవాళ్లు వచ్చారు. నేనేమో బొద్దుగా, వెడల్పాటి భుజాలతో ఉండేదాన్ని. బళ్లో అందరూ ‘రోలు’ అనేవారు. కడుపునొప్పి అని చెప్పి రాత్రిపూట అన్నం మానేశాను. ఒకరోజు బడి ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయాను కూడా.

మా నాయనమ్మది నిజాంపట్నం. రోజూ చేపల గంపతో బస్సెక్కి రేపల్లె వచ్చి అమ్ముకుని, మా ఇంట్లో కాసేపు ఆగి వెళ్లేది. నా కడుపునొప్పి ఏపాటిదో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది. తిట్టలేదు. ఒక సెలవురోజు చేపలమ్మడం అయ్యాక నన్ను పాత సినిమా మ్యాటినీకి తీసుకెళ్లింది.

తెర నిండా ఒక నిండైన మనిషి! బిందె ఎత్తుకుని గట్టు మీద నెమ్మదిగా నడిచొస్తోంది. నడుము మడత పడింది, ఎవరూ నవ్వలేదు. హాలంతా ఈలలే.

“అబ్బ, ఏం ఒయ్యారమే!” అని నాయనమ్మ పైకే అనేసింది.

ఇప్పుడు ఇలాంటివాళ్లు ఎందుకు రావట్లేదని అడిగాను.

“ఏమోనే! ఇప్పుడందరూ గెంతుతున్నారు గానీ ఎవరూ నడవట్లేదు.”

బయటికొచ్చాక ఖాళీ గంపలో బియ్యం, కూరగాయలు నింపింది. గుడ్డతో చుట్టకుదురు చేసి, గంప నా నెత్తిన పెట్టింది.

“తల వంచితే పడుద్ది. పరిగెడితే పడుద్ది. ఇక నడు.”

భయంభయంగా అడుగేశాను. వెన్ను దానంతటదే నిలబడింది. నేను దాచుకుని ఏడ్చిన భుజాలే ఆ బరువును మోశాయి. బజార్లో జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. పూలమ్మే ఆవిడ మమ్మల్ని ఆపింది.

“ఎవరత్తా ఈ పిల్ల? నడక అచ్చం నీదే!”

“నా మనవరాలమ్మా!” అంది నాయనమ్మ, బజారంతా వినబడేలా.

ఆ రాత్రి నాయనమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. చేపల పులుసుతో మారు వడ్డించుకుని మరీ తిన్నాను. నాయనమ్మ ఇంకో ముక్క వేసింది.

ఆ నడక ఇప్పుడు ఏ సినిమాలోనూ కనబడదు. తెర మీద అందరూ కొలతలు తీసి చేసినట్టుంటారు. వాళ్ల గొడవ వాళ్లది. “ఏంటమ్మా ఆ రాజసం!” అని మా అమ్మాయి నన్ను ఆటపట్టిస్తుంటుంది. ఆటపట్టించనీ. నెత్తిన ఏమీ లేకపోయినా, నేనిప్పటికీ నాయనమ్మ గంప ఉన్నట్టే నడుస్తాను.