వేడెక్కినా లేవని ముల్లు

2023 ఏప్రిల్. నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో నా షెడ్డు. రేకుల కప్పు కింద రెండు కార్లు పడతాయి, మూడోది వస్తే సందులో పెట్టాల్సిందే. తెనాలి నుంచి వచ్చి ఈ పనిలో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. వేసవిలో నా దగ్గరికొచ్చే పాత బండ్లలో చాలావాటిది ఒకటే జబ్బు, ఇంజిన్ వేడెక్కడం. ఉప్పల్ రింగు నుంచి పీర్జాదిగూడ దాకా ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నత్తనడక నడిచే ట్రాఫిక్‌లో మనుషులే ఉడికిపోతుంటే ఇంజిన్ల సంగతి వేరే చెప్పాలా? అందుకే ఈ జబ్బు అంటే నాకు పెద్ద ఆసక్తి ఉండదు. ఫ్యానో, రేడియేటరో, థర్మోస్టాటో అయి ఉంటుంది. భోజనాల వేళకు తేలిపోతుంది.

ఆ రోజు ఒక తండ్రీ కూతురూ పాత పెట్రోల్ కారును తాడు కట్టించి లాక్కొచ్చారు. తండ్రి దేవదానం గారు డెబ్బై దాటిన మనిషి, లారీ డ్రైవర్‌గా పనిచేసి మానుకున్నాడు. కూతురు సునీత మల్కాజిగిరిలో స్కూల్ టీచర్. మాట్లాడిందంతా ఆమే.

“అన్నా, నెల రోజుల్ల రెండుసార్లు రోడ్డు మధ్యల ఆగింది. మొన్న రింగు కాడ పొగలొచ్చినయ్. పక్కన మా అమ్మ కూడా ఉండె. డాడీ ముల్లు చూస్తలేడు. ఈ మధ్య అన్నీ మర్చిపోతుండు. మీరు రిపేర్ చేయండి, కానీ తాళం చెవి మాత్రం నాకే ఇయ్యండి. ఇగ ఆయన నడపడు.”

ముల్లు అంటే డ్యాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపించే టెంపరేచర్ గేజ్. అది పైకి లేస్తే బండి పక్కకు ఆపాలి. ఇది డ్రైవింగ్ నేర్చుకునే పిల్లలకు కూడా చెప్పే సంగతి. జీవితమంతా లారీ తోలిన మనిషి ముందు ఆమె అలా అంటుంటే నాకే ఇబ్బందిగా అనిపించింది. ఆయన మాత్రం ఒక పాత టైరు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. ఆమె ఆటో ఎక్కి స్కూలుకి వెళ్లాక నాతో ఒకే మాట అన్నాడు.

“ముల్లు లేవలే మేస్త్రి.”

“సరే బాబాయ్, చూద్దాం,” అన్నాను. నమ్మి మాత్రం కాదు. పెద్ద వయసు, నల్ల కళ్లద్దాలు, ఎండ. నేనూ కూతురి పక్షమే.

ముందు బానెట్ ఎత్తి చూశాను. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే రంగునీళ్లు, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో గీత దాకా ఉన్నాయి. “రోజూ పొద్దుగాల సూస్త, గీత దిగదు,” అన్నాడు పెద్దాయన. ఇంజిన్ చల్లారే ఉంది కాబట్టి రేడియేటర్ మూత తీశాను. లోపల నీళ్లు కనిపించలేదు. డబ్బా నిండుగా ఉంది, రేడియేటర్ ఎండిపోయి ఉంది. ఎక్కడో చిల్లి ఉంటే ఇలాగే జరుగుతుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు డబ్బాలోని నీళ్లకు బదులు ఆ చిల్లిలోంచి గాలిని పీల్చుకుంటుంది. కానీ బండి కింద నేల పొడిగా ఉంది.

నీళ్లు పోసే ముందు ఒక్క నిమిషం నడిపి చప్పుడు విందామనుకున్నాను. పెద్దాయన సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. నేను గన్ థర్మామీటర్ పట్టుకుని ముందు నిలబడ్డాను. అది దూరం నుంచే వేడి కొలిచే పరికరం. ఇంజిన్ పైన మూతలా ఉండే హెడ్ మీద గురిపెడితే అంకెలు గబగబా పెరుగుతున్నాయి.

“బాబాయ్, ముల్లు ఎక్కడుంది?”

“సగం కాడికి గూడ రాలే.”

నాకు చిరాకేసింది. చేతిలో పరికరం ఒకటి చెబుతుంటే ఈయన ఇంకోటి చెబుతున్నాడు. ఆ పిల్ల అన్నది నిజమే అనుకుంటూ వెళ్లి కిటికీలోంచి తల పెట్టి చూశాను. ముల్లు సగం కిందే ఉంది. నేను చూస్తుండగానే ఇంకొంచెం కిందికి దిగింది. చెయ్యి చాచి నేనే ఇంజిన్ ఆపేశాను.

ఇందులో మాయ లేదు. ముల్లుకు కబురు పంపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉండాలి. నీళ్లు దాని కిందికి దిగిపోతే అది గాలిలో వేలాడుతుంది. జ్వరం వచ్చినవాడి నోట్లో పెట్టాల్సిన థర్మామీటర్‌ను గాలిలో పట్టుకుంటే ఏం చెబుతుంది? ఇదీ అంతే. నాకు తెలియని విషయమేమీ కాదు. తెలిసి కూడా ముల్లును నమ్మాను, మనిషిని అనుమానించాను.

“మరి వేడెక్కిందని మీకెట్లా తెలిసింది?” అని అడిగాను.

“వాసనొచ్చింది. ఇంజన్ గుంజుడు గూడ తేడా కొట్టింది. అందరు హారన్లు కొట్టుడు, తిట్టుడు. అయినా ఆపిన.”

అంటే రింగు దగ్గర బండి దానంతట అది ఆగలేదన్నమాట. ఆయనే ఆపాడు. ఇంకో కిలోమీటరు లాగి ఉంటే హెడ్ వంకరపోయేది, ఆ ఖర్చుకు బండి తుక్కు కిందికే. ఆ సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగితే, “జెప్పిన. ముల్లు సూడలేదని అన్నరు,” అన్నాడు.

మనిషి మాట నిలబడింది సరే, నీళ్లు ఎటు పోతున్నాయో తేలాలి. నీళ్లు నింపి, రేడియేటర్ మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ బిగించాను. సైకిల్ పంపు లాంటిది. చేత్తో కొడితే లోపల ఒత్తిడి పెరిగి, చిల్లి ఉన్నచోట నీళ్లు బయటపడతాయి. ఒత్తిడి మెల్లగా పడిపోతోంది, చుక్క మాత్రం ఎక్కడా లేదు. హెడ్ కింద పరిచే గాస్కెట్ పొర పోయి నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నాయా అని ప్లగ్గులు విప్పాను. పొడిగా ఉన్నాయి. ఆయిల్‌లో కలిస్తే పాలచాయలా తెల్లబడుతుంది. అదీ శుభ్రంగా ఉంది. భోజనాల వేళ దాటిపోయింది. వైద్యుడికి రోగం చిక్కకపోతే ఎలా ఉంటుందో నాకూ అలాగే ఉంది.

సీటు మీద పెట్టిన పానా అందుకుందామని ఎడమ తలుపు తీసి లోపలికి వంగాను. ఎండకు మగ్గిన కారులో తియ్యటి వాసన. ముందు అద్దం లోపలివైపు సన్నటి జిడ్డు పొర. కింద మ్యాట్ ఎత్తితే పాత న్యూస్‌పేపర్లు, మడత మీద మడత, తడిసి ముద్దై ఉన్నాయి.

“ఏసీ నీళ్లు మేస్త్రి. మా ఆమె కాళ్లకు తగుల్తయని పేపర్లేస్తం.”

వేలు ముంచి రుద్దాను. ఏసీ నీళ్లయితే జిగురుగా ఉండవు, ఆకుపచ్చగా అసలే ఉండవు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను కారు బయటంతా వెతికాను, దొంగ కారు లోపల ఉన్నాడు.

అది హీటర్ కోర్. డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్. చలి దేశాల్లో ఇంజిన్ వేడినీళ్లు దానిలోకి వచ్చి కారు లోపలి మనుషులను వెచ్చగా ఉంచుతాయి. మన ఊళ్లో కారులో హీటర్ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు, మెకానిక్కులతో సహా. వాడినా వాడకపోయినా ఈ బండిలో నీళ్లు దానిలోంచి తిరుగుతూనే ఉంటాయి. ఇన్నేళ్లకు అది తుప్పు పట్టి చిల్లి పడింది.

కొత్త కోర్ వెయ్యాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, పైగా ఈ మోడల్‌కి సామాను దొరకడం గగనం. అందుకని దానిలోకి వెళ్లే పైపునూ వచ్చే పైపునూ ఇంజిన్ వైపే కలిపేసి, కోర్‌ను దారిలోంచి తప్పించేస్తాం. ఒక మాట అడగడం మర్యాద కాబట్టి, “ఇక హీటర్ పనిచెయ్యదు బాబాయ్, పర్వాలేదా?” అన్నాను.

“ఉప్పల్ల హీటరెందుకు మేస్త్రి, పైన సూర్యుడు ఫుకట్‌గ ఇస్తనే ఉన్నడు గదా!” అని నవ్వాడు. పొద్దుట్నించీ ఆయన నవ్వడం అదే మొదలు.

కొత్త కూలెంట్ పోసి, లోపలి గాలి తీసి, మళ్లీ టెస్టర్ బిగించాను. ఒత్తిడి నిలబడింది. ఆయనే నడిపాడు, హబ్సిగూడ దాకా వెళ్లొచ్చాం. ముల్లు సగంలో కుదురుగా ఉంది. ట్రాఫిక్‌లో ఆగినా కదలలేదు.

సాయంత్రం స్కూలు నుంచి సునీత వచ్చింది. తడిసిన పేపర్లు చూపించాను, ముల్లు సంగతి చెప్పాను, హెడ్ ఎందుకు దక్కిందో కూడా చెప్పాను. ఆమె వంగి ఆ పేపర్లను వేలితో తాకి చూసింది.

“అమ్మ చెప్తనే ఉండె అన్నా, కాళ్లకు జిగట జిగటగ తగుల్తుందని. మేమే కొట్టిపారేసినం.”

పొద్దున అడిగింది కాబట్టి తాళం చెవి ఆమె చేతికే ఇచ్చాను. ఆమె తండ్రి దగ్గరికెళ్లి, “డాడీ, తీస్కో. నువ్వే నడుపు,” అంది.

ఆయన తాళం చెవి వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

“మేస్త్రి, ఇంగోపారి జెప్పు. ముల్లు నిజంగనే లేవలేదు గదా? నువ్వు గూడ సూసినవ్ గదా?”

“చూశాను బాబాయ్. మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది.”

ఆయన కూతురి వైపు తిరిగాడు. “మీరు అన్నందుకు బాధ లేదు బిడ్డా. మీరంత అంటుంటే నాక్కూడ అనుమానమొచ్చింది. సూసిన్నా, సూసిన్నని అనుకుంటున్ననా అని. తలకాయ ఖరాబైందేమోనని భయమైంది. మీ అమ్మకు గూడ జెప్పలే.”

సునీత అక్కడే, నూనె మరకల నేల మీద నిలబడి ఏడ్చేసింది. ఆయన ఆమె భుజం తట్టి కారెక్కించి, తానే నడుపుకుంటూ వెళ్లాడు.

ఆయన వెతుకుతున్నది కారులో లోపం కాదు. లోపం తనలో లేదని ఒక్కరైనా చెబుతారా అని చూస్తున్నాడు, అది కూడా సాయంత్రం దాకా అడక్కుండా. నేను దాన్ని కూలెంట్ సమస్య అనుకుని పొద్దంతా గడిపాను. ఇప్పుడు బండి పక్కన నిలబడి ఎవరైనా, “ఈయనకేం తెలియదండీ,” అంటే, టూల్‌బాక్స్ తెరవకముందే ఆ ‘ఈయన’ దగ్గరికెళ్లి కూర్చుంటాను. మీరేం చూశారో చెప్పండి అని అడిగి, చెప్పడం పూర్తయ్యేదాకా వింటాను.